విమానం దిగాక సూది ఎప్పుడు? విదేశీ ప్రయాణంలో షుగర్ లెక్కలు

రోజూ రాత్రి పదింటికి ఇన్సులిన్ వేసుకునే మనిషి ఒకరు దూర దేశంలో విమానం దిగారనుకుందాం. ఫోన్ ఆన్ చేయగానే టైం దానంతటదే మారిపోయి సాయంత్రం నాలుగు చూపించింది. ఇంటి దగ్గర ఇప్పుడు అర్ధరాత్రి పన్నెండు. మరి ఈ రోజు సూది టైం రెండు గంటల క్రితమే దాటిపోయిందా? లేక రాత్రి పదికి ఇంకా ఆరు గంటలుందా?

చాలామంది ఇక్కడే తికమక పడతారు. ప్రయాణంలో షుగర్ అనగానే మన ఆలోచన తిండి మీదికి పోతుంది: అక్కడ ఏం దొరుకుతుందో, ఏం తినాలో అని. తిండి సంగతి నిజమే కానీ, అంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి కొలతలు. సరిహద్దు దాటితే గంట మారుతుంది, మీటరు మీద అంకె మారుతుంది, ఒక్కోచోట ఇన్సులిన్ సీసా గాఢత కూడా మారుతుంది. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఎవరికి ఎంత రిస్కు

డయాబెటిస్ ఉన్న అందరికీ ప్రయాణం ఒకే స్థాయి సమస్య కాదు. తిండి నియమంతోనో, ఒక్క మెట్‌ఫార్మిన్‌తోనో నెట్టుకొస్తున్నవారికి షుగర్ ప్రమాదకరంగా పడిపోయే అవకాశం చాలా తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రల సంగతి వేరు. ఇవి తిన్నా తినకపోయినా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మాత్ర వేసుకున్నాక విమానం ఆలస్యమై భోజనం తప్పితే షుగర్ పడిపోతుంది. ఇన్సులిన్ వాడేవారికి రిస్కు ఇంకా ఎక్కువ. అందులోనూ టైప్ 1 ఉన్నవారి శరీరంలో సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు కాబట్టి, వాళ్లకు డోసు ఎక్కువైనా ప్రమాదమే, మానేసినా ప్రమాదమే.

అంకెల్లో చెప్పాలంటే, డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే లో షుగర్ అంటారు. 54 కన్నా తగ్గితే అది తీవ్రమైన స్థితి. శరీరానికి షుగర్ కొలిచే సెన్సర్ పెట్టుకునేవారిలో ఎక్కువమందికి 70 నుంచి 180 మధ్య ఉండటం లక్ష్యం. రోజులో 70 శాతానికి పైగా సమయం ఆ మధ్యలో ఉంటే బాగున్నట్టు లెక్క. ప్రయాణం చేసే నాలుగు రోజుల్లో ఈ శాతం కొంచెం తగ్గితే కొంపేమీ మునిగిపోదు. లో షుగర్ అలా కాదు, క్షణాల్లో తల తిరుగుతుంది. అందుకే ప్రయాణం రోజున అంకె కాస్త ఎక్కువ వైపే ఉండనిస్తారు చాలామంది డాక్టర్లు.

ఇన్సులిన్ ఏ గడియారం చూస్తుంది?

చర్మం కింద చేరిన ఇన్సులిన్‌కు గోడ గడియారంతో పని లేదు. సూది పడి ఎన్ని గంటలైందన్నదే దానికి లెక్క. ఇన్సులిన్లలో రెండు రకాలున్నాయి. తిండికి ముందు వేసుకునేది బోలస్. ఇది పావుగంటలో పని మొదలుపెట్టి, గంటా రెండు గంటల్లో ఉధృతమై, నాలుగైదు గంటల్లో అయిపోతుంది. తిండితో సంబంధం లేకుండా రోజంతా సన్నటి ధారలా పనిచేసేది బేసల్. బోలస్‌తో టైం తేడా గొడవే లేదు. ఏ దేశంలోనైనా తిన్నప్పుడే వేసుకుంటారు. చిక్కంతా బేసల్‌తోనే.

తూర్పుకు వెళితే రోజు పొట్టిదవుతుంది, పడమరకు వెళితే పొడుగవుతుంది. రెండు మూడు గంటల తేడా ఉంటే సాధారణంగా ఏమీ మార్చనక్కర్లేదు. ఐదారు గంటలు దాటినప్పుడే లెక్క వేయాల్సివస్తుంది.

మొదట్లో చెప్పిన మనిషినే తీసుకుందాం. పడమరకు ఎనిమిది గంటల తేడా. రోజూ 24 యూనిట్ల గ్లార్జిన్. ఇది సుమారు 24 గంటలు పనిచేసే బేసల్ మందు. ఇంటి దగ్గర నిన్న రాత్రి పదికి వేసుకున్నారు. అక్కడి టైం ప్రకారం రాత్రి పది దాకా ఆగితే రెండు సూదుల మధ్య 32 గంటలవుతాయి. అంటే మధ్యలో ఎనిమిది గంటలు బేసల్ లేకుండా గడపాలి. టైప్ 2లో సొంత ఇన్సులిన్ కొంత ఉన్నవారికైతే షుగర్ పెరిగి ఊరుకుంటుంది. టైప్ 1లో ఆ ఎనిమిది గంటలు కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) పోగుపడటానికి చాలు.

దీనికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. డాక్టర్లలోనూ ఏది మేలన్న దాని మీద ఒకే మాట లేదు.

మొదటిది ఇంటి టైంనే పట్టుకుని ఉండటం. ఇంట్లో రాత్రి పది అంటే అక్కడ మధ్యాహ్నం రెండు. ఉన్నన్ని రోజులూ రెండింటికే వేసుకుంటారు. రెండు మూడు రోజుల పనికి వెళ్లేవారికి ఇంతకన్నా తేలికైనది లేదు. తూర్పుకు వెళ్లినప్పుడే ఇది కుదరకపోవచ్చు. ఆరు గంటల తేడాకు ఇంటి రాత్రి పది అక్కడ తెల్లవారుజాము నాలుగవుతుంది. అలారం పెట్టుకుని లేచి సూది వేసుకోవడం ఎంతమంది వల్ల అవుతుంది?

రెండోది రోజుకు రెండు గంటల చొప్పున జరుపుకుంటూ పోవడం. మధ్యాహ్నం రెండు, మర్నాడు నాలుగు, ఆ తర్వాత ఆరు, ఎనిమిది, చివరికి రాత్రి పది. మందు మోతాదు మారదు కాబట్టి లెక్క తప్పే భయం తక్కువ. కానీ ఊరు చూసే హడావిడిలో ఈ రోజు టైం ఎంతో మర్చిపోతారు. కొందరు దీన్ని బయల్దేరడానికి మూడు నాలుగు రోజుల ముందే ఇంట్లో మొదలుపెడతారు.

మూడోది దామాషా లెక్క. 24 గంటలకు 24 యూనిట్లంటే గంటకు ఒకటి. పాత సూది ప్రభావం అయిపోయే వేళకు, అంటే అక్కడి మధ్యాహ్నం రెండుకు, మిగతా ఎనిమిది గంటల కోసం 8 యూనిట్లు, తర్వాత రాత్రి పదికి మామూలుగా 24. మన మనిషి దిగేసరికే నాలుగయింది కదా, మిగిలినవి ఆరు గంటలు, కాబట్టి 6 యూనిట్లు. తూర్పుకు ఆరు గంటలు వెళ్లేవారికి ఇదే లెక్క తిరగబడుతుంది. రాత్రి పది నుంచి అక్కడి రాత్రి పదికి 18 గంటలే అవుతాయి. పాత సూది ఇంకా ఆరు గంటలు పనిచేస్తుండగా పూర్తి 24 పడితే రెండూ కలిసి నిద్రలో షుగర్‌ను కిందికి లాగేస్తాయి. అందుకని ఆ రాత్రికి 18 యూనిట్లు.

ఇవి లెక్క అర్థం కావడానికి ఎంచుకున్న గుండ్రటి అంకెలు. గ్లార్జిన్ ప్రభావం కొందరిలో 24 గంటల కన్నా ముందే తగ్గుతుంది. అసలు డోసు ఎంతన్నది బయల్దేరేముందు విమానం టైంలు ముందు పెట్టుకుని డాక్టరుతో కూర్చుని కాగితం మీద రాసుకోవాల్సిన విషయం.

మందు మారితే ఈ తలనొప్పి తగ్గవచ్చు, పెరగనూవచ్చు. డెగ్లుడెక్ అనే బేసల్ 42 గంటలకు పైగా ఒంట్లో ఉంటుంది. పెద్దవాళ్లలో రెండు సూదుల మధ్య కనీసం ఎనిమిది గంటలు ఉంటే చాలని దాని నిబంధన. దాన్ని వాడేవారు పై లెక్కలేవీ వేయకుండా అక్కడి రాత్రికే మారిపోగలరు. ఎటొచ్చీ ప్రీమిక్స్ వాడేవారికే అన్నిటికన్నా కష్టం. బేసల్, బోలస్ ఒకే సీసాలో కలిసి ఉంటాయి కాబట్టి ఒకదాన్ని తగ్గించి ఇంకోదాన్ని ఉంచే వీలు లేదు. మాత్రలు వాడేవారికి మాత్రం లెక్క తేలిక: అక్కడి భోజనంతో పాటు మాత్ర. ఒక పూట తప్పితే తర్వాతి పూట రెండు వేసుకోవడం ఉండదు.

తప్పంతా రాత్రి భోజనానిదేనా?

మందు సంగతి సరే, మన ఒంట్లో కూడా ఒక గడియారం ఉంది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరగడంతో కాలేయం గ్లూకోజ్ వదులుతుంది. పరగడుపున షుగర్ ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం. విమానం ఎక్కినంత మాత్రాన ఈ గడియారం మారదు. రోజుకు సుమారు గంట, గంటన్నర చొప్పున నెమ్మదిగా జరుగుతుంది.

ఎనిమిది గంటలు పడమరకు వెళ్లినవారికి ఇంటి దగ్గర తెల్లవారుజాము ఐదంటే అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది. భోంచేసి మీటరు చూసుకుంటే 230. ఏం తిన్నానబ్బా అని పళ్లెంలోవన్నీ గుర్తు తెచ్చుకుంటారు. తిండి వాటా లేదని కాదు, కానీ అందులో కొంత ఇంటి తెల్లవారుజాము పని కూడా అయ్యుండొచ్చు. నిద్ర చాలకపోవడం, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం దీనికి తోడవుతాయి. ఆ అంకె చూసి కంగారుగా అదనపు బోలస్ వేసుకుంటే అర్ధరాత్రి దాటాక అది లో షుగర్‌గా తేలే ప్రమాదముంది.

ఇన్సులిన్ పంపు, అంటే ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఇన్సులిన్ అందించే యంత్రం, వాడేవారికి ఈ విషయం ఇంకా సూటిగా తగులుతుంది. పంపులో గంటగంటకూ వేర్వేరు బేసల్ రేట్లు పెట్టి ఉంటాయి. తెల్లవారుజాముకు ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ అన్నట్టు. ఫోన్‌లా పంపు గడియారం దానంతటది మారుతుందని అనుకోకూడదు, దాన్ని మనమే మార్చాల్సి రావచ్చు. దిగగానే ఒకేసారి మార్చేస్తే యంత్రం కొత్త దేశంలో, ఒళ్లు పాత దేశంలో ఉంటాయి. అందుకే కొందరు రోజుకు రెండేసి గంటలు జరుపుతారు. రోజంతా ఇంచుమించు ఒకే రేటు ఉన్నవారికి ఎలా మార్చినా పెద్ద తేడా ఉండదు.

7.2 చూసి ఎవరు భయపడాలి?

గ్లూకోమీటరు ఇంట్లో మర్చిపోయి, వెళ్లిన దేశంలో కొత్తది కొన్నారు. వేలికి గుచ్చి చూస్తే 7.2 వచ్చింది. మూడు నెలల షుగర్ సగటును శాతంలో చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ కూడా మొన్న 7.2 అవడంతో, ఇదేదో మూడు నెలల సగటు చూపించే మీటరనుకున్నారు. కాదు. అది ఆ నిమిషపు షుగరే, మరో కొలమానంలో.

అమెరికా, భారత్, జపాన్ లాంటి దేశాల్లో షుగర్‌ను డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో లీటరుకు మిల్లీమోల్స్‌లో. రెండో అంకెను 18తో గుణిస్తే మొదటిది వస్తుంది. 7.2ను 18తో గుణిస్తే సుమారు 130. మంచి అంకే. హెచ్‌బీఏ1సీ 7.2 శాతమంటే సగటు 160 దగ్గర. రెండు 7.2లకూ చుట్టరికమే లేదు.

గుర్తుంచుకోవడానికి నాలుగు అంకెలు చాలు: 3.9 అంటే 70, 7 అంటే 126, 10 అంటే 180, 3 అంటే 54. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. మీటరు 2.8 చూపిస్తే అది ఏదో చిన్న అంకె అనుకుని వదిలేయడానికి లేదు, అది 50. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాల్సిన అంకె. కొన్ని దేశాల్లో ల్యాబ్ రిపోర్టు మీద హెచ్‌బీఏ1సీ కూడా శాతంలో ఉండదు. అక్కడ 53 అని ఉంటే మనం 7 శాతం అనేది అదే.

ఒకే సిరంజి, వేరే సీసా

గంట తప్పితే కొన్ని గంటలు ఇబ్బంది పడతాం. గాఢత తప్పితే ప్రాణం మీదికి రావచ్చు. ప్రపంచంలో ఎక్కువ చోట్ల మిల్లీలీటరుకు 100 యూనిట్ల ఇన్సులిన్ దొరుకుతుంది. కొన్ని దేశాల్లో 40 యూనిట్ల సీసాలు ఇంకా వాడుకలో ఉన్నాయి. ఏ సీసాకు ఆ సిరంజి వేరు, గీతలు వేరు.

40కి ఉద్దేశించిన సిరంజి సంచిలో ఉంది, వెళ్లిన చోట కొన్న సీసా 100ది. ఎప్పట్లాగే 16 గీత దాకా లాగారు. ఆ గీత దగ్గర ఉన్నది 0.4 మిల్లీలీటరు. 40 సీసాలో అయితే అది 16 యూనిట్లు. 100 సీసాలో 40. రెండున్నర రెట్లు! తిరగేస్తే, 100 సిరంజితో 40 సీసా నుంచి 16 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 6.4 యూనిట్లే. షుగర్ ఎందుకు దిగడం లేదో రెండు రోజులైనా అంతుపట్టదు.

ఇన్సులిన్ పెన్నుల్లో ఈ బాధ లేదు. గ్లార్జిన్‌లోనే 100 గాఢతది, 300 గాఢతది ఉన్నా, పెన్ను మీద తిప్పే అంకె యూనిట్లలోనే ఉంటుంది. ఆ పెన్ను పాడైందని, లోపలి మందును సిరంజితో లాగితేనే మళ్లీ ప్రమాదం. ఇక బ్రాండ్ పేర్లు దేశాన్ని బట్టి మారతాయి, కాబట్టి చీటీ మీద మందు అసలు పేరు, గాఢత, డోసు ఉంటే ఏ దేశపు ఫార్మసిస్టుకైనా అర్థమవుతుంది.

కింది సంచిలో ఎందుకు వద్దంటారు

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. వాడుతున్నదాన్ని 25 లేక 30 డిగ్రీల లోపు, రకాన్ని బట్టి సుమారు నాలుగు వారాలు బయట ఉంచవచ్చు. అంటే ప్రయాణంలో ఫ్రిజ్ దొరకలేదని టెన్షన్ పడాల్సింది లేదు. వేడికి ఇన్సులిన్ నెమ్మదిగా బలం కోల్పోతుంది. ఎండలో ఆపిన కారులో మాత్రం ఆ నెమ్మది ఉండదు. గడ్డకట్టడం అంతకన్నా చెడ్డది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి బాగానే కనిపించవచ్చు, కానీ పారేయాల్సిందే. హోటల్ గదుల్లోని చిన్న ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించి పెడితే జరిగేది తరచుగా ఇదే.

చెక్-ఇన్ సామానులో పెడితే గడ్డకడుతుందన్న మాట అందరూ వినే ఉంటారు. ఇప్పటి పెద్ద విమానాల్లో సామాను గదిలోనూ గాలి ఒత్తిడి ఉంటుంది, ప్రతిసారీ గడ్డకట్టేంత చలి ఉండదని కొందరంటారు. అదీ నిజమే. కానీ ఏ మూల ఎంత చల్లగా ఉంటుందో ముందే చెప్పలేరు. అదీగాక, సంచి వేరే ఊరికి వెళ్లిపోతే? నా దృష్టిలో చలి కన్నా బలమైన కారణం ఇదే. అందుకే అవసరానికి రెట్టింపు మందు, అదీ రెండు చేతిసంచుల్లో పంచి పెట్టుకోవడం ఆనవాయితీ అయింది.

2006లో బ్రిటన్‌లో బయటపడిన విమానాల పేల్చివేత కుట్ర తర్వాత ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి వచ్చింది. ఇన్సులిన్ లాంటి అవసరమైన మందులకు దాన్నుంచి మినహాయింపు ఉంది. డాక్టరు ఉత్తరం అడిగేది సాధారణంగా సూదులు, పంపు గురించే. ఇక పంపును, సెన్సర్‌ను స్కానర్లలోంచి పంపవచ్చా అంటే తయారీదారుల మాట ఒకలా లేదు. కొందరు ఎక్స్-రే వద్దంటారు, కొందరు పర్వాలేదంటారు. పరికరంతో వచ్చిన పుస్తకంలో ఉన్నదే లెక్క. అనుమానముంటే చేత్తో తనిఖీ చేయమని అడగవచ్చు.

పైకి లేచాక విమానంలో గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తైన కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది. పంపులో కరిగి ఉన్న గాలి బుడగలుగా విచ్చుకుని, ఒక యూనిట్ అటూ ఇటూగా ఇన్సులిన్‌ను అదనంగా బయటికి నెట్టగలదని 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. రోజుకు 60 యూనిట్లు వాడేవారికి ఇది లెక్కలోకే రాదు. 10 యూనిట్లు వాడే చిన్న పిల్లవాడికి మాత్రం వస్తుంది.

ట్రాలీ రెండు వరుసల అవతల ఆగినప్పుడు

భోజనం ట్రాలీ కనిపించింది. ఇంకో రెండు వరుసలు. ఇంట్లోలాగే పావుగంట ముందు అని బోలస్ వేసుకున్నారు. ఇంతలో విమానం ఊగింది, సీటు బెల్టు గుర్తు వెలిగింది, ట్రాలీ వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి ముప్పావుగంట. అందుకే విమానంలో పళ్లెం ముందుకు వచ్చాకే సూది అన్నది అనుభవజ్ఞుల మాట. దానివల్ల తిన్నాక షుగర్ కాస్త పైకెక్కుతుంది, అంతే. డయాబెటిక్ భోజనం ముందుగా చెప్పుకుంటే మంచిదా అంటే, ఇన్సులిన్ వాడేవారికి అంత అవసరం లేదు. ఒక్కోసారి అందులో పిండిపదార్థం మరీ తక్కువుండి, ఎప్పటి డోసుకు లో షుగర్ వస్తుంది.

దిగాక కథ మారుతుంది. రోజుకు రెండు వేల అడుగులు వేసే మనిషి ఊరు చూస్తూ పదిహేను వేలు వేస్తాడు. ఆ నడక ప్రభావం అప్పటితో అయిపోదు, ఆ రాత్రి నిద్రలోనూ కండరాలు గ్లూకోజ్‌ను లాక్కుంటూనే ఉంటాయి. ఎండ దేశమైతే చర్మానికి రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా ఎక్కుతుంది. దానిపైన మద్యం కూడా పుచ్చుకుంటే కాలేయం గ్లూకోజ్ తయారీ తగ్గుతుంది. మూడూ ఒకే రోజు కలిస్తే తెల్లారేసరికి లో.

కడుపు చెడితే

కొత్త నీళ్లు, కొత్త తిండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఏమీ తినడం లేదు కదా, ఇన్సులిన్ ఎందుకు అనిపిస్తుంది. జబ్బు చేసినప్పుడు ఒత్తిడి హార్మోన్లు షుగర్‌ను పెంచుతాయి. అందుకని టైప్ 1లో తిండి లేకపోయినా బేసల్ ఆపరు. తగ్గేది బోలస్. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం ఒంట్లో నీరు ఇంకిపోతున్నప్పుడు తాత్కాలికంగా ఆపమంటారు. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలూ అంతే. వీటితో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇవి షుగర్‌ను మూత్రంలోకి పంపేస్తుంటాయి కాబట్టి, కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారుతున్నా మీటరు 180 లాంటి మామూలు అంకె చూపిస్తూ ఉండగలదు. వాంతులు, ఆయాసం, పొట్టలో నొప్పి ఉంటే అంకె బాగానే ఉందని ఊరుకోకుండా కీటోన్ పరీక్ష చేయించేది అందుకే.

తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు చేసిన లెక్క వచ్చేటప్పుడు పనికిరాదు. పడమరకు ఎనిమిది గంటలు వెళ్లిన మన మనిషికి ఇప్పుడు ఇంటిదారి తూర్పు. అక్కడ పది రోజులుండి రాత్రి పది సూదికి పూర్తిగా అలవాటు పడ్డారు. బయల్దేరే ముందు రాత్రి పదికి వేసుకున్న సూదికీ, ఇంట్లో మర్నాటి రాత్రి పదికీ మధ్య 16 గంటలే. కాబట్టి ఇంటికొచ్చిన మొదటి రాత్రి 24 కాదు, 16. అదే మూడు రోజులే ఉండి, సూదిని ఇంటి టైంకే ఉంచుకున్నవారైతే వేయాల్సిన లెక్కే లేదు, ఎప్పటిలా 24.